పాట ఇంటికొచ్చిన దారి

సీడీ బాగుంటుందా, స్ట్రీమింగ్ బాగుంటుందా అని అడిగితే రెండు రెడీమేడ్ జవాబులు దొరుకుతాయి. ఒకటి అంకెల జవాబు. సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్లు, మామూలు స్ట్రీమింగ్‌లో మహా అయితే 320, కాబట్టి సీడీయే గొప్ప. రెండోది పెదవి విరుపు. ఫోన్లో వినేవాడికి ఏదైతే ఏం, ఎవరి చెవికి తెలుస్తుందా తేడా? ఈ రెండు జవాబులూ పాటని బిందెలో నీళ్ళలాగా చూస్తాయి. బిందె పెద్దదా చిన్నదా అన్నదే వాటి గొడవ. ఆ నీళ్ళు ఏ బావిలోంచి తోడారో, ఎన్ని చేతులు మారి వచ్చాయో రెండూ అడగవు.

నేనుండేది రాయికోడ్‌లో. జహీరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో, భద్రకాళీ సమేత వీరభద్రస్వామి గుడి ఉన్న మండల కేంద్రం. ఖరీదైన స్పీకర్లు ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినే ఆడియో క్లబ్బులున్న ఊరు కాదు. అయినా గత యాభై ఏళ్ళలో పాట ఎన్ని రూపాలు మార్చుకుందో అన్నీ ఈ ఊరికీ వచ్చాయి. రికార్డు వచ్చింది, మైకుసెట్టు వచ్చింది, క్యాసెట్టు, సీడీ, మెమరీ కార్డు, చివరికి జియో సిమ్ము. ఇంట్లో అలమరలో మిగిలిన సీడీలని, ఫోన్లో దొరికే అవే పాటలని పక్కపక్కన పెట్టి కొన్ని వారాలు విన్నాక నాకు అర్థమైంది ఒకటే: ఇందులో ఇంజినీరింగ్ ఉన్నది కొంతే, మిగతాదంతా చరిత్ర.

44,100 ఎక్కణ్ణుంచి వచ్చింది

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి 1980లో సీడీకి ఒక ప్రమాణం రాసుకున్నాయి. అట్ట రంగుని బట్టి దాన్ని రెడ్ బుక్ అంటారు. ధ్వని తరంగం ఎత్తుని సెకనుకి 44,100 సార్లు కొలవాలి. ఒక్కో కొలతనీ 16 బిట్లలో రాయాలి, అంటే 65,536 మెట్లున్న నిచ్చెన మీద అది ఏ మెట్టు దగ్గరుందో గుర్తుపెట్టాలి. ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి. ఇవన్నీ గుణిస్తే వచ్చేదే ఆ 1,411. మొదటి ప్లేయర్లూ, డిస్కులూ 1982 అక్టోబరులో జపాన్‌లో అమ్మకానికొచ్చాయి.

మనిషి చెవి వినగలిగేది దాదాపు 20,000 హెర్ట్జ్ దాకా. ఒక తరంగాన్ని నష్టం లేకుండా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలన్నది సూత్రం. అంటే 40,000 పైన ఏదో ఒక అంకె కావాలి. మరి సరిగ్గా 44,100 ఎందుకు? ఆ రోజుల్లో అంత డిజిటల్ సమాచారాన్ని నిలవ చేయగల చవకైన సాధనం వీడియో టేపు. ధ్వనిని నలుపూ తెలుపూ చుక్కలుగా మార్చి టీవీ బొమ్మలాగా టేపు మీద రాసేవాళ్ళు. టీవీ బొమ్మలో ఒక్కో గీతకి మూడేసి కొలతలు పట్టేవి. అమెరికా, జపాన్ టీవీ పద్ధతిలో సెకనుకి 60 ఫీల్డులు, వాడుకోదగ్గ గీతలు 245. యూరప్ వాళ్ళ పాల్ పద్ధతిలో 50 ఫీల్డులు, 294 గీతలు. ఎలా గుణించినా 44,100 వస్తుంది. టీవీ బొమ్మ కొలతే పాట కొలత అయింది. మన దూరదర్శన్ వాడింది కూడా పాల్ పద్ధతే. దాని సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

అంత సమాచారాన్ని అప్పటి టెలిఫోను తీగల్లోంచి పంపడం కుదిరే పని కాదు. జర్మనీలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఫ్రాన్‌హోఫర్ సంస్థలోని ఇంజినీర్లు ఇంకో దారి పట్టారు. చెవి అన్నీ వినదు. పెద్ద చప్పుడు పక్కన ఉన్న చిన్న చప్పుడు దానికి అందదు. డప్పు మోగుతుంటే పక్కన గాజుల గలగల వినబడదు కదా, అలాగన్నమాట. చెవికి అందనిదాన్ని ముందే తీసేస్తే ఫైలు చిన్నదవుతుంది. సుజాన్ వేగా వాద్యాలేవీ లేకుండా పాడిన ‘టామ్స్ డైనర్’ అనే పాట మీద బ్రాండెన్‌బర్గ్ పదే పదే పరీక్షలు చేశాడు. ఒంటరి గొంతులో దాక్కోవడానికి చోటుండదు, తప్పు జరిగితే వెంటనే దొరికిపోతుంది. 1995లో ఆ ఫైళ్ళకి ఎంపీ3 అన్న తోకపేరు ఖాయమైంది. ఇవాళ స్ట్రీమింగ్ యాప్‌లు వాడే ఏఏసీ, ఓగ్ వోర్బిస్, ఓపస్ అన్నీ అదే ఆలోచన మీద ఇంకా మెరుగుపడ్డవి.

మరి ఎన్ని బిట్లుంటే చాలు? సీడీని మించిన నాణ్యత ఉందని అమ్మిన డిస్కుల మీద ఇ. బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ అనే ఇద్దరు ఒక పరీక్ష చేసి 2007లో ప్రచురించారు. మేలైన ఆ ధ్వనిని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి దించి ఒకసారి, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. మొత్తం 554 సార్లు అడిగితే సరైన జవాబులు 276. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వస్తుంది. ఇంట్లో వినేవాడికి సీడీ నిచ్చెన మెట్లు సరిపోతాయనడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ స్థాయి కూడా ఇప్పుడు సీడీ ఒక్కదాని సొత్తు కాదు. ఆపిల్ మ్యూజిక్ 2021లో, స్పాటిఫై 2025లో, ఏమీ తీసెయ్యని లాస్‌లెస్ ధ్వనిని ఇవ్వడం మొదలుపెట్టాయి. అంకెల దగ్గర పోటీ అలా ముగిసింది. చెవి దగ్గర మాత్రం ముగియలేదు.

మా వైపు సీడీ అంటే

అసలు మన ఇళ్ళలో సీడీ అని పిలిచినదంతా సీడీయేనా?

జహీరాబాద్ హైదరాబాద్–ముంబయి రహదారి మీది ఊరు. బీదర్ దగ్గర్లోనే ఉంటుంది. అందుకే క్యాసెట్ల కాలంలో ఇక్కడి ఇళ్ళలో తెలుగు, హిందీ, ఉర్దూ, కన్నడ, మరాఠీ పాటలు ఒకే అట్టపెట్టెలో కలిసుండేవి. ఫిలిప్స్ 1963లో తెచ్చిన ఆ చిన్న క్యాసెట్టులో టేపు సెకనుకి ఐదు సెంటీమీటర్లు కూడా నడవదు. స్టూడియోలో పెద్ద టేపు సెకనుకి 38 సెంటీమీటర్లు నడుస్తుంది. నడక ఎంత నెమ్మదైతే పై స్వరాలు అంత మసకబారతాయి, టేపు సొంత బుసబుస అంత పైకొస్తుంది. పైగా పాత హిందీ పాటలకి కొత్త డ్రమ్ములు తగిలించిన ‘ఝంకార్ బీట్స్’ క్యాసెట్లొకటి. పాత పాటని ఉన్నదున్నట్టు వినడం వ్యాపారంలో ఎవరికీ ముఖ్యం కాదని మనకి మొదట నేర్పింది అవే.

సీడీ ప్లేయర్ మాలాంటి ఇళ్ళలోకి వచ్చింది పాటల కోసం కాదు. సినిమాలు చూసుకునే వీసీడీ ప్లేయర్‌గా వచ్చింది. దాంట్లో వేసుకోడానికి బజార్లో దొరికినవాటిలో ఎక్కువ భాగం ఎంపీ3 సీడీలు. ఘంటసాల పాటలు నూటయాభై, బాలు పాటలు నూటయాభై అని పెద్ద అక్షరాలతో అట్ట మీద ఉండేది. లెక్క వేసి చూడండి. నిజమైన ఆడియో సీడీలో పట్టేది 74 నిమిషాలు, అంటే పదిహేను పదహారు పాటలు. అదే పరిమాణంలో నూటయాభై పట్టాలంటే ఒక్కో పాటనీ సెకనుకి 128 కిలోబిట్ల దగ్గరికి కుదించాలి. పదకొండో వంతు. చాలా ఎన్‌కోడర్లు ఆ స్థాయిలో 16,000 హెర్ట్జ్ పైన ఉన్నదంతా కోసేస్తాయి. కంచుతాళం మోగాల్సిన చోట నీళ్ళు చిలకరించినట్టు వినపడుతుంది.

ఇంకో రకం ఉంది. పాటలు జాబితా రాసిస్తే షాపువాళ్ళు ‘ఆడియో సీడీ’ చేసిచ్చేవాళ్ళు. ప్లేయర్లో పెడితే ఆడియో సీడీ లాగే ఆడుతుంది, 44,100, 16 బిట్లు అన్నీ లెక్క ప్రకారమే ఉంటాయి. కానీ లోపలికి పోసింది ఎంపీ3. ఒకసారి తీసేసింది మళ్ళీ రాదు. ఉప్పు లేకుండా వండిన కూరని పెద్ద గిన్నెలోకి మార్చినంత మాత్రాన ఉప్పు చేరదు కదా. స్ట్రీమింగ్ కన్నా సీడీ మేలనో, కాదనో తీర్పిచ్చే ముందు, మనం పక్కన పెట్టుకున్నది ఈ మూడింటిలో ఏ సీడీయో చూసుకోవాలి. అడుగువైపు వెండిరంగులో మెరిస్తే ఫ్యాక్టరీలో అచ్చైనది. ఆకుపచ్చగానో, నీలంగానో, లేత బంగారురంగులోనో ఉంటే రాసుకున్నది. అందులోని రంగుపొర ఎండకీ వేడికీ చెడిపోతుంది కూడా.

అచ్చమైన సీడీలలో కూడా ఒక వింత చరిత్ర ఉంది. మన సినిమా పాటల తొలి సీడీల్లో కొన్ని ముందు ప్రవాసుల కోసం తయారయ్యాయి. న్యూయార్క్‌లోని ఓరియెంటల్ రికార్డ్స్ లాంటి సంస్థలు ఇళయరాజా పాటల్ని సీడీలుగా వేశాయి. ఆ డిస్కుల కోసం ఇవాళ్టికీ అభిమానులు వెతుకుతుంటారు. ఇదేదో పాతది కాబట్టి గొప్ప అనే మోజని కొట్టిపారేస్తే, అసలు విషయం జారిపోతుంది. వాళ్ళు వెతికేది ఆ ప్లాస్టిక్కుని కాదు. ఆనాడు, ఫలానా టేపు ఇంకా పాడుకాక ముందు, ఎవరో ఎక్కించిన ఆ ఒక్క ప్రతిని.

పాత పాట చేసిన ప్రయాణం

తెలుగు సినిమా పాటకి మూల ప్రతి ఏది? ఇది తేలిక ప్రశ్న కాదు.

1951 నాటి ‘మల్లీశ్వరి’నో, 1957 నాటి ‘మాయాబజార్’నో తీసుకోండి. ఆ కాలపు పాట రెండు రూపాల్లో జనంలోకి వెళ్ళింది. హాల్లో ఫిల్ము అంచున కాంతి గీతగా ముద్రించిన ధ్వని ఒకటి. ఇంట్లో లక్క రికార్డు రెండోది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పది అంగుళాల రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. ఫిల్ములో పాట అంతకన్నా పొడుగైతే రికార్డు కోసం కుదించేవాళ్ళు. అందుకే కొన్ని పాటలకి సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఉండదు. హాళ్ళలో ధ్వనికి 1938లో హాలీవుడ్ వాళ్ళు ఖాయం చేసుకున్న పద్ధతిలో 8,000 హెర్ట్జ్ పైన గట్టిగా తగ్గించేసేవాళ్ళు, ఫిల్ము బుసబుస జనానికి వినపడకుండా. అంటే ఆ పాటల్లో పై స్వరాల లోకం మొదట్నుంచీ చిన్నదే. ఎంపీ3 వచ్చి 16,000 పైన కోసేసినా అక్కడ పోగొట్టుకునేది పెద్దగా లేదు.

పోగొట్టుకునేది ఇంకో చోట ఉంది. పాత రికార్డునో, ఫిల్మునో డిజిటల్లోకి ఎక్కించేటప్పుడు వెనకాల ఉండే బుసబుసని తీసెయ్యడానికి సాఫ్ట్‌వేర్ వాడతారు. అది మంచి చేతిలో మందు, తొందరలో ఉన్న చేతిలో విషం. బుసబుస ఎక్కడుంటుందో ‘శ, ష, స’ల గాలి కూడా అక్కడే ఉంటుంది, మూడు నాలుగు వేల హెర్ట్జ్ నుంచి పైకి. తంబురా జీర అక్కడే, గాయకుడు ఊపిరి తీసుకున్న చప్పుడూ అక్కడే. మీట కొంచెం ఎక్కువ తిప్పితే బుసతో పాటు ఇవన్నీ కొట్టుకుపోతాయి. ఘంటసాల పద్యం పాడితే శకారం శకారంలా, సకారం సకారంలా వినపడుతుందని మనం మెచ్చుకుంటాం. అలాంటి ఉచ్చారణని అతిగా శుభ్రం చేసిన ప్రతిలో వింటే అన్నీ ఒకే మెత్తని సకారంగా మారతాయి. పాట విన్నవాడికి ఇది ధ్వని లోపంలా తోచదు. గాయకుడి నాలుకే అలాంటిదని అనుకుంటాడు. ఆందోళన పడాల్సింది అక్కడ.

రెండో నష్టం వేగంలో. సినిమా సెకనుకి 24 బొమ్మలు. పాల్ టీవీకి 25 కావాలి. తేలిక పద్ధతి ఏమిటంటే సినిమానే కొంచెం తొందరగా నడిపించడం. టీవీ కోసం, వీసీడీ కోసం అలా ఎక్కించిన ప్రతుల్లో పాట నాలుగు శాతం పైన వేగంగా పోతుంది. నాలుగు నిమిషాల పాట దాదాపు పది సెకన్లు ముందే అయిపోతుంది. వేగం పెరిగితే శ్రుతీ పెరుగుతుంది. హార్మోనియం మీద పక్క మెట్టుకి ఉన్న దూరంలో డెబ్భై శాతం పైకి లేస్తుంది. అలాంటి ప్రతుల్లోంచి తీసి యూట్యూబ్‌లో పెట్టిన పాత పాటలు కొల్లలు. దానితో శ్రుతి కలుపుకుని పాట నేర్చుకుంటున్న పిల్లలకి హార్మోనియం మెట్టు ఎందుకు దొరకట్లేదో అర్థం కాదు. బిట్ రేటు ఎంత పెంచినా ఈ తేడా పోదు. సీడీ కొలతనిచ్చిన ఆ పాల్ పద్ధతే, మన పాట శ్రుతినీ కదిలించింది.

మూడోది, అన్నిటికన్నా మొండిది, బిగ్గర. 1990ల నుంచీ ప్రపంచమంతటా సీడీలు ఒకదాన్ని మించి ఒకటి గట్టిగా మోగాలని పోటీ పడ్డాయి. మెత్తని చోట్లు పైకి లేపి, ఎత్తైన చోట్లు అణిచేసి, పాటంతా ఒకే మట్టానికి తెచ్చారు. చదును చేసిన పొలంలాగా. తర్వాత వచ్చిన రీమాస్టర్లు చాలావాటికి ఇదే గతి పట్టింది. ‘మాయాబజార్’కి రంగులద్ది 2010లో విడుదల చేసినప్పుడు దాని మోనో ధ్వనిని కూడా ఐదు వైపుల నుంచి వినపడేలా మార్చారు. హాల్లో అది అందరికీ పండగే. కానీ 1957లో జనం విన్నది ఒక్క వైపు నుంచి వచ్చిన ధ్వని అన్న సంగతి తర్వాతి తరానికి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. స్ట్రీమింగ్ యాప్‌లో అది ఉండదు. అరవై డెబ్భై ఏళ్ళ నాటి పాట పక్కన విడుదల సంవత్సరంగా దాన్ని అప్‌లోడ్ చేసిన ఏడాది కనపడటం మామూలే.

ఇంట్లో పోలిక

ఇదంతా చదివి తెలుసుకున్నది. చెవికి ఆనుతుందా లేదా అన్నది ఇంట్లోనే తేలాలి. పెట్టుకున్న సామాను గొప్పదేమీ కాదు. ఒక పాత యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు, సీడీ ప్లేయర్, ఫోన్. ఫోన్ని కూడా బ్లూటూత్‌తో కాకుండా వైరుతోనే కలిపాను, ఎందుకంటే బ్లూటూత్ దారిలో పాటని మళ్ళీ ఒకసారి కుదిస్తుంది. యాప్‌లో నాణ్యత ‘ఆటోమేటిక్’ అని ఉంటే మార్చి, అన్నిటికన్నా పై స్థాయిలో పెట్టి, పాటల్ని ముందే డౌన్‌లోడ్ చేసుకున్నాను. మాలాంటి ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. సిగ్నల్ తగ్గితే ఆటోమేటిక్ సెట్టింగు చెప్పాపెట్టకుండా నాణ్యత దించేస్తుంది. స్పాటిఫైలో అడుగు స్థాయి సెకనుకి 24 కిలోబిట్ల దగ్గర ఉంటుంది. స్ట్రీమింగ్ బాలేదని మనం అనేది చాలాసార్లు టవర్ బాలేదనే.

అన్నిటికన్నా ముఖ్యం వాల్యూమ్. సీడీలు మార్చడానికి, చీటీలు తీసి ఏది ముందు వెయ్యాలో చూసుకోడానికి మా బావని కూర్చోబెట్టాను. రెండు నిమిషాలకే ఆయన తేల్చేశాడు.

“గిదంత ఎందుకు బామ్మర్దీ, ఏది గట్టిగ ఇనబడ్తే గదే మంచిగుంటది.”

ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. హార్వే ఫ్లెచర్, వైల్డెన్ మన్సన్ 1933లో కొలిచి చూపించిందీ దీనికి దగ్గరి సంగతే. చప్పుడు తగ్గే కొద్దీ చెవికి బేస్, పై స్వరాలు రెండూ పలచబడతాయి, గట్టిగా పెడితే నిండుగా వినపడతాయి. రెండింటిలో ఒకటి పిసరంత బిగ్గరగా ఉన్నా మనసు అటే మొగ్గుతుంది. స్ట్రీమింగ్ యాప్‌లు పాటలన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చే పద్ధతి వాడతాయి కాబట్టి దాన్ని ఆపేసి, రెండూ ఒకే స్థాయిలో ఉండేలా మీటర్ యాప్‌తో సరిచూసుకున్నాం. ఈ పని చెయ్యకుండా చెప్పే ఏ తీర్పునీ నమ్మక్కర్లేదు, అది ఎంత ఖరీదైన స్పీకర్ల ముందు చెప్పినా సరే.

మొదట చేసింది సీడీని దానితోనే పోల్చడం. అచ్చైన ఒక సీడీలోంచి పాట తీసి, దాన్ని నేనే 320 కిలోబిట్లకి కుదించి, రెండూ వినిపించాను. ఇంట్లో ఎవరూ నిలకడగా తేడా చెప్పలేకపోయారు. ఒకసారి అవుననడం, ఒకసారి కాదనడం. 128కి దించితే తాళాలు మోగే చోట, చప్పట్లున్న చోట దొరికింది. ఒంటి గొంతున్న చోట దొరకలేదు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే అదీ కష్టమే. అంటే మూలం ఒక్కటే అయినప్పుడు, మంచి స్థాయి స్ట్రీమింగ్‌కీ సీడీకీ మా ఇంట్లో, మా చెవులకి తేడా లేదు.

తర్వాత యాప్‌లో నిజంగా దొరికే పాటనీ, అలమరలో ఉన్న సీడీలోని అదే పాటనీ పక్కపక్కన పెట్టాం. ఘంటసాల పాడిన ఒక పాత పద్యం. ఇక్కడ మీటర్లూ చీటీలూ అక్కర్లేకపోయింది. వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ అమ్మ చెప్పింది.

“గీ దాంట్ల ఆయన దమ్ము తీసుకునుడు ఇనబడ్తున్నది. గా దాంట్ల లేదు.”

ఎన్నిసార్లు మార్చి వేసినా అదే చెప్పింది, ఒక్కసారి కూడా తడబడలేదు. దమ్మున్నది సీడీలో. దాంట్లో చిటపటలున్నాయి, బుసబుస ఉంది. యాప్‌లోది శుభ్రంగా, నున్నగా ఉంది. రాగం లాగి లాగి ఆపిన తర్వాత, తర్వాతి పాదం ఎత్తుకునే ముందు మనిషి ఊపిరి తీసుకోవాలి కదా. యాప్ ప్రతిలో ఆ చోట ఖాళీ.

సీడీయే గెలిచిందని ఇక్కడ ఆపేస్తే కథ బాగుంటుంది గానీ నిజం పూర్తికాదు. ఇంకో పాటలో ఫలితం తిరగబడింది. మా దగ్గరున్న సీడీ అరిగిపోయిన రికార్డులోంచి ఎక్కించినట్టుంది, సన్నాయి స్వరం నీళ్ళమీద నీడలా ఊగుతోంది. యాప్‌లో ఉన్నది ఎవరో శ్రద్ధగా మంచి టేపు వెతికి ఎక్కించినది. సన్నాయి నిలకడగా ఉంది, వెనక డోలు మీద వేళ్ళు విడివిడిగా తెలుస్తున్నాయి. మూడో పాట రెండింటిలోనూ అచ్చు ఒకలాగే ఉంది, బహుశా ఒకే ఫైలు. సీడీ, స్ట్రీమింగ్ అన్న పేర్లు ఈ ముగ్గురిలో ఎవరి గుణాన్నీ చెప్పవు. ఏ టేపులోంచి, ఎప్పుడు, ఎంత ఓపికతో ఎక్కించారన్నదే చెబుతుంది.

రెండో ప్రతి లేని పాటలు

పోల్చాలంటే కనీసం రెండు ప్రతులుండాలి. ఘంటసాలకి, ఎమ్మెస్‌కి ఉన్నాయి. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్పీగా వచ్చింది మొదలు ప్రతి కొత్త రూపంలోకీ మారుతూ వచ్చింది. ఘంటసాల భగవద్గీత 1974లో ఆయన పోయిన తర్వాత బయటికొచ్చి, ఇవాళ్టికీ ఎవరింట్లోనైనా చావు జరిగితే ముందు వినపడేది అదే. వాటి మాటెలా ఉన్నా, మా మండలం చుట్టుపక్కల నాట్లప్పుడు, తిరగలి దగ్గర, బతుకమ్మ చుట్టూ పాడిన పాటల మాటేమిటి? అవి సీడీగా రాలేదు, స్ట్రీమింగ్‌లో లేవు.

కొన్ని మాత్రం ఒక చోట చేరాయి. జహీరాబాద్ దగ్గర, ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల రేడియో ఉంది. దళిత మహిళలే నడిపే సంఘం రేడియో. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పిచ్చినా, లైసెన్సు చేతికొచ్చే దాకా వాళ్ళు ఏళ్ళ తరబడి కార్యక్రమాల్ని టేపుల మీద రికార్డు చేసి సంఘాల సమావేశాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం మొదలైంది. ప్రారంభించింది ఆ తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంతే. ఎఫ్ఎం ప్రసారంలో ధ్వని 15,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. అంకెల లెక్కన సీడీ కన్నా తక్కువ, 128 ఎంపీ3 కన్నా కూడా కాస్త తక్కువే. కానీ ఆ పాట పాడిన ముసలవ్వ ముందు మైకు పెట్టింది ఆమె భాష తెలిసిన మనిషి. మధ్యలో ఎవరూ చదును చెయ్యలేదు. మూలానికీ వినేవాడికీ ఉన్న దూరం ఒక్క అడుగు. నాణ్యత అన్న మాటకి ఇదీ ఒక అర్థమే.

ఆ టేపులు పోతే పోల్చడానికి ఏమీ ఉండదు. ఎక్కడో ఇంకో ముద్ర దొరుకుతుందన్న ఆశ కూడా ఉండదు. సినిమా పాట విషయంలో మనకున్న వెసులుబాటు ఎంతటిదో, దాన్ని మనం ఎంత అలుసుగా చూస్తున్నామో ఇక్కడ నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

ఏం ఉంచుకోవాలి

స్ట్రీమింగ్‌ని తిట్టడానికి నాకు మనసొప్పదు. 2016లో జియో వచ్చాక రాయికోడ్ లాంటి ఊళ్ళో ఒక కుర్రవాడు పొద్దున బాలమురళిని, మధ్యాహ్నం బీథోవెన్‌ని, రాత్రి ఒగ్గు కథని ఒక్క రూపాయి అదనంగా పెట్టకుండా వినగలుగుతున్నాడు. క్యాసెట్టు కాలంలో ఇది ఊహకందని సంగతి. దాని ఇబ్బంది ధ్వనిలో కాదు, జ్ఞాపకంలో ఉంది. యాప్‌లో పాట ఇవాళ ఉన్నట్టు రేపు ఉండాలని లేదు. హక్కులు చేతులు మారితే మాయమవుతుంది. కొత్త రీమాస్టర్ వస్తే అదే పేరుతో, అదే బొమ్మతో, పాతది పోయి కొత్తది కూర్చుంటుంది. మనకి తెలియనే తెలియదు. సీడీకి ఆ తెలివి లేదు. ఒకసారి అచ్చయ్యాక అది మారలేదు. 1990లలో ఎవరో ఎక్కించింది మంచైనా చెడైనా అలాగే పట్టుకుని కూర్చుంది. పుస్తకాలు చదివేవాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. తర్వాతి ముద్రణల్లో ఏ పేరా పోయిందో తెలియాలంటే మొదటి ముద్రణ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

కాబట్టి ఇల్లు సర్దుతూ సీడీలని పాతసామాను వాడికి వేసే ముందు ఒక సాయంత్రం కేటాయించమని నా మనవి. అడుగు వెండిరంగులో ఉన్నవి పక్కన పెట్టండి. కంప్యూటర్‌లోకి ఫ్లాక్ ఫైళ్ళుగా తీసుకోండి. 2001లో వచ్చిన ఆ పద్ధతి ఒక్క బిట్ కూడా పోనివ్వదు, చోటు మాత్రం దాదాపు సగమే తీసుకుంటుంది. అట్ట మీద ఉన్న పేర్లు, సంస్థ, సంవత్సరం ఫొటో తీసి ఆ ఫైళ్ళ పక్కనే పెట్టండి. తర్వాత అదే పాటని యాప్‌లో పెట్టి, వాల్యూమ్ సమానం చేసి, రెండూ వినండి. బాగున్నది ఏదైతే అది వినండి, అందులో పట్టింపు అక్కర్లేదు. కానీ తేడా ఉంటే ఆ డిస్కుని పారెయ్యొద్దు. అది ఆ పాటకి మీ ఇంట్లో మిగిలిన పాత ముద్రణ.

ఏది వినాలో తెలియకపోతే ఒక కొండగుర్తు ఉంది. గాయకుడు పాదానికీ పాదానికీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడా లేదా అని చూడండి. దానికి ఖరీదైన స్పీకర్లు అక్కర్లేదు.